మిషను వచ్చింది, మరి చెయ్యి తిరిగిందా?

తిరుపతిలో కుక్కకో పిల్లికో ఒంట్లో బాగాలేకపోతే జనం ఇప్పుడు అడిగే మొదటి మాట "అక్కడ స్కానింగ్ ఉందా?" అని. తర్వాత "బ్లడ్ టెస్టు అక్కడే చేస్తారా, డిజిటల్ ఎక్స్‌రే ఉందా?" అని. ఫోన్ చేసి ఇవన్నీ కనుక్కున్నాకే ఆటో ఎక్కుతున్నారు. ఇంట్లో పెరిగే మూగజీవి కోసం ఇంతగా ఆరా తీసే రోజులు వచ్చినందుకు సంతోషించాల్సిందే. కానీ ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినపడదు. ఆ మిషన్ల దగ్గర నిలబడే మనిషికి ఎవరు నేర్పారు, ఎన్నాళ్లు నేర్పారు?

ఈ ఊరికి పశువైద్యం కొత్తేమీ కాదు. ఇక్కడి పశువైద్య కళాశాల పుట్టుక 1955 నాటిది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. చిత్తూరు, పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి కూడా జబ్బు చేసిన జంతువులను ఇక్కడికే తెస్తారు. పశువైద్య డిగ్రీ అంటే ఐదున్నరేళ్ల చదువు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. కాబట్టి డాక్టర్ల కొరత మా ప్రధాన సమస్య అని నేను అనుకోను. కొరత ఉన్నది డాక్టరు పక్కన: కుక్క కాలు పట్టుకునేవాళ్లు, రక్తం ట్యూబులో కలిపేవాళ్లు, మత్తులో ఉన్న పిల్లి ఊపిరి లెక్కపెట్టేవాళ్లు, సెలైన్ చుక్కలు సరిచేసేవాళ్లు. మనుషుల ఆసుపత్రిలో ఈ పనులన్నిటికీ నర్సు, టెక్నీషియన్ ఉంటారు. పశువైద్యంలో ఆ వృత్తికి మన దగ్గర అంత గుర్తింపు లేదు. రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది గానీ, దాని దృష్టి ఎక్కువగా పాడి పశువుల మీదే. పెట్ క్లినిక్కుల్లో చాలాచోట్ల ఈ పని చూసేది చేరాక చూసి నేర్చుకున్న కాంపౌండరో, అటెండరో.

ఆసుపత్రి నిజంగా ముందుకు పోవాలంటే డబ్బు మొదట ఈ మనుషుల మీద పెట్టాలి, ఆ తర్వాతే మిషన్ల మీద. చెయ్యి తిరగని మనిషి దగ్గర మంచి మిషను ఊరికే పడి ఉంటే నష్టం డబ్బు వరకే. అది తప్పు అంకె చూపించి, ఆ అంకెను డాక్టరూ యజమానీ నమ్మితే నష్టం ప్రాణానికే.

టిక్ ఫీవర్‌నే తీసుకోండి. ఇక్కడి వేడికి పిడుదులు, కొందరు గోమార్లంటారు, ఏడాది పొడవునా ఉంటాయి. కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చెక్కల సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా కింద దాక్కుని ఉంటాయి. కడుపు నిండిన ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. వీటి కాటుతో ఎర్లీకియా, బబేసియా లాంటి జబ్బులు వస్తాయి. "మావోడు రెండు రోజులుగా పెరుగన్నం కూడా ముట్టడం లేదు సార్" అని తీసుకొస్తారు. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. రక్తం తీసి మిషనులో పెడితే ప్లేట్‌లెట్లు 28 వేలు అని చీటీ వస్తుంది. కుక్కకు మామూలుగా రెండు లక్షల చుట్టుపక్కల నుంచి పైకి ఉండాలి. ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోతాయి.

ఇక్కడే ఆగాలి. చిన్న క్లినిక్కుల్లో ఉండే కౌంటర్లు చాలావరకు కణాలను వాటి సైజును బట్టి లెక్కపెడతాయి. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టాయంటే మిషను ఆ ముద్దను ప్లేట్‌లెట్‌గా గుర్తించదు. వదిలేస్తుంది, లేదంటే తెల్లకణంగా లెక్కేస్తుంది. అప్పుడు ప్లేట్‌లెట్లు లేకపోయినందువల్ల కాక, లెక్కకు అందనందువల్ల అంకె పడిపోతుంది. పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. వాటి ప్లేట్‌లెట్లు త్వరగా ముద్ద కడతాయి, కొన్ని ఎర్రకణమంత పెద్దవిగానూ ఉంటాయి.

ముద్ద ఎందుకు కడతాయంటే కారణం చాలాసార్లు సూది పట్టిన చేతిలోనే ఉంటుంది. నరం దొరక్క చర్మం కింద సూదిని అటూ ఇటూ తిప్పితే కణజాలం దెబ్బతిని గడ్డకట్టే ప్రక్రియ అక్కడే మొదలైపోతుంది. రక్తం చుక్కచుక్కగా నిమిషాల తరబడి తీసినా అంతే. తీసిన వెంటనే ఇ.డి.టి.ఎ. ట్యూబును, అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే మందున్న ట్యూబును, కలపకుండా బల్ల మీద పెట్టి కుక్కకు మూతిబుట్ట విప్పుతూ కూర్చున్నా అంతే. చెయ్యాల్సింది ఇదీ: ఒకే ప్రయత్నంలో నరం దొరకాలి. మధ్యస్తంగా ఉండే కుక్కకు 22 గేజ్ సూది సరిపోతుంది. ఎక్కువ రక్తం కావాలంటే ముంగాలి నరం కన్నా మెడ నరం మేలు. ట్యూబు మీద గీత ఎక్కడుందో అక్కడిదాకా నింపాలి. సగమే నింపితే మందు పాళ్లు ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి, ఫలితం తేడా వస్తుంది. నింపగానే ట్యూబును ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. ఊపకూడదు. ఊపితే ఎర్రకణాలు పగులుతాయి.

ఆ తర్వాత స్లైడు. ఏ మిషను ఉన్నా ఇది మానకూడదని నా పట్టుదల. రెండు మూడు మిల్లీమీటర్ల చుక్క గాజు పలక అంచున పెట్టి, రెండో పలకను 30 నుంచి 40 డిగ్రీల వాలులో ఆనించి, చుక్క అంచంతా పాకాక ఒకే ఊపులో ముందుకు లాగాలి. మధ్యలో ఆగితే గీతలు పడతాయి, ఎక్కువ నొక్కితే పలచబడిపోతుంది. సరిగ్గా వచ్చిన స్లైడు బొటనవేలి ఆకారంలో ఉండి, చివర పక్షి ఈకలా పలచబడుతుంది. గాలికి ఆరబెట్టి, లీష్‌మన్ రంగు పోసి రెండు నిమిషాలు ఉంచాలి. అందులోని మిథనాల్ కణాలను పలకకు అంటిస్తుంది. తర్వాత దానికి రెట్టింపు 6.8 పీహెచ్ బఫర్ నీళ్లు కలిపి పది నిమిషాలు ఆగి కడగాలి. కుళాయి నీళ్లతో సరిపెడితే రంగు నీలంగానో ఎర్రగానో మొద్దుబారుతుంది. అప్పుడు రంగు గింజ కూడా పరాన్నజీవిలా కనిపిస్తుంది.

మైక్రోస్కోపులో మొదట చిన్న లెన్సుతో ఆ ఈక అంచును చూడాలి. ప్లేట్‌లెట్ ముద్దలు తోసుకొచ్చి చేరేది అక్కడే. ముద్దలు కనపడితే మిషను అంకెను పక్కన పెట్టాలి. తర్వాత కణాలు ఒక వరుసలో పరుచుకున్న చోట నూనె లెన్సుతో పది చోట్ల ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి, సగటును 15 వేలతో హెచ్చవేయాలి. సగటు తొమ్మిది వస్తే 1,35,000. పైగా అంచున ముద్దలు కూడా ఉంటే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. 28 వేలు అన్న చీటీ చూసి స్టెరాయిడ్ ఎక్కించడం, ఆపరేషన్ వాయిదా వెయ్యడం, రక్తం ఎక్కించాలని యజమానిని దాత కుక్క కోసం ఊరంతా తిప్పడం, ఇవన్నీ ఒక్క స్లైడుతో తప్పే నష్టాలు.

స్లైడు ఇంకో రకంగానూ పనికొస్తుంది. మిషను ఏమీ చెప్పలేనిచోట ఎర్రకణంలో కూర్చున్న బబేసియాను కన్ను పట్టుకుంటుంది. దానికి చెవి అంచున సూదితో గుచ్చి తీసిన రక్తం మేలు, పరాన్నజీవి ఉన్న కణాలు సన్నటి నాళాల్లో ఎక్కువ చేరతాయి. అయితే ఎర్లీకియా స్లైడులో దొరకడం అరుదు. కనపడలేదు కాబట్టి లేదు అనడానికి వీల్లేదు. యాంటీబాడీ చూసే కిట్లో గీత పడిందని ఇప్పుడు జబ్బు ఉందనీ చెప్పలేం. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బుకు కూడా నెలల తరబడి గీత పడుతుంది. అందుకే ముందు జంతువును చూడాలి, తర్వాత స్లైడు, తర్వాత కిట్టు. ఈ వరుస తెలిసిన ఆసుపత్రిలో బిల్లు కూడా తగ్గుతుంది.

మందు రాశాక పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే కుక్క తోక ఊపుతూ అన్నం తింటుంది. వారానికే మందు ఆపేస్తారు, జబ్బు లోపల దాక్కుని తిరగబెడుతుంది. మన ఇళ్లలో మాత్ర మింగించాలంటే పెరుగన్నంలోనో పాలల్లోనో పెడతాం. పాలలో పెరుగులో ఉండే కాల్షియం ఈ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. పిల్లికైతే మరో ప్రమాదం: మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండుపడి, తర్వాత సన్నబడిపోతుంది. అందుకే మాత్ర వేసిన వెంటనే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్కనుంచి మెల్లగా పట్టించాలి. ఈ మూడు మాటలూ యజమానికి చెప్పాల్సింది మందుల కిటికీ దగ్గర కూర్చున్న మనిషి. ఆ మనిషికి నేర్పకపోతే లక్షల ఖరీదు చేసే కౌంటరు చూపించిన జబ్బు తగ్గదు.

ఇక మత్తు గురించి. నా దృష్టిలో ఒక పెట్ ఆసుపత్రి స్థాయిని కొలవాల్సింది ఇక్కడే.

2008లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం 98 వేలకు పైగా కుక్కలను, 79 వేలకు పైగా పిల్లులను చూసింది. మత్తు, నిద్రమందు కారణంగా చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. ఈ అంకెల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ మరణాలు ఎప్పుడు జరిగాయన్నది. కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో 60 శాతం పైచిలుకు ఆపరేషన్ అయిపోయాకే. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోపే. అంటే లైట్లు, మానిటర్లు, డాక్టరు అందరూ చుట్టూ ఉన్న సమయం గట్టెక్కాక, కుట్లు పడ్డాయి, ఇక భయం లేదు అనుకుని జంతువును బోనులో పడుకోబెట్టి తర్వాతి కేసు చూసుకునే సమయంలో.

మానిటర్ల సంగతే చూద్దాం. నాలుకకు తగిలించే పల్స్ ఆక్సీమీటరు అందరి దగ్గరా ఉంది. 98 అని చూపిస్తుంటే అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ జంతువు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తున్నప్పుడు ఊపిరి మందగించినా ఆ 98 చాలాసేపు అలాగే నిలబడుతుంది. అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. ఊపిరి సంగతి ముందుగా చెప్పేది క్యాప్నోగ్రాఫు. వదిలిన ఊపిరి చివర్న ఉన్న కార్బన్ డయాక్సైడును అది కొలుస్తుంది. 35 నుంచి 45 మధ్య ఉండాలి. 60 దాటి పెరుగుతుంటే ఊపిరి చాలడం లేదు. గొట్టం వేసిన వెంటనే గీత బల్లపరుపుగా ఉంటే గొట్టం శ్వాసనాళంలోకి కాకుండా అన్నవాహికలోకి పోయిందేమో మొదట చూడాలి. మత్తు మధ్యలో అంకె ఉన్నట్టుండి పడిపోతే గుండె ఆగబోతోందేమో చూడాలి. గీత కింది అంచు సున్నాకు దిగకుండా మెల్లగా పైకి జరుగుతుంటే జంతువు తను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తోందని. అప్పుడు వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకునే సోడా లైమ్ డబ్బా చూడాలి. తెల్లటి గుళికలు పనయిపోయాక ఊదారంగుకు తిరుగుతాయి. ఇందులో ఒక మోసం ఉంది: రాత్రంతా వాడకుండా ఉంచితే ఆ రంగు మళ్లీ తెల్లబడుతుంది, శక్తి మాత్రం తిరిగి రాదు. పొద్దున వచ్చి డబ్బా చూసినవాళ్లు బాగానే ఉందనుకుంటారు. అందుకే రంగు చూసింది ఎప్పుడో, మార్చింది ఎప్పుడో డబ్బా మీద తేదీ రాసి అంటించాలి.

మిషన్లో మరో ప్రాణాంతకమైన చిన్న భాగం ఉంది, ఎక్కువైన గాలిని బయటికి వదిలే పాప్ ఆఫ్ వాల్వు. పొద్దున లీకేజీ చూడటానికి దాన్ని మూసి, గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి, పీడనం 30 సెంటీమీటర్ల దాకా ఎక్కించి పది సెకన్లు నిలుస్తుందా చూస్తాం. చూశాక వాల్వు తెరవడం మర్చిపోయి కుక్కకు తగిలిస్తే కొన్ని నిమిషాల్లోనే సంచి బెలూన్‌లా ఉబ్బి, ఊపిరితిత్తులు పగిలేంత ఒత్తిడి పెరుగుతుంది. మూసిన చేత్తోనే తెరవాలి, ఆ రెండింటి మధ్య ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. ఇది యంత్రం నేర్పదు. ఎవరో ఒకరు పక్కన నిలబడి, వందసార్లు చేయించి అలవాటు చెయ్యాలి.

పిల్లికి గొట్టం వేసేటప్పుడు స్వరపేటిక బిగుసుకుంటుంది. కొద్దిగా లిగ్నోకేన్ అనే తిమ్మిరి మందు చల్లి ముప్ఫై నలభై సెకన్లు ఆగాలి. ఆ ఆగడం తెలియక తొయ్యడంతోనే దెబ్బ తగులుతుంది. గొట్టం చుట్టూ ఉండే బుడగలో గాలి ఎక్కువ నింపితే పిల్లి శ్వాసనాళం చీలిపోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మత్తు దిగేటప్పుడు గొట్టం తొందరపడి తియ్యకూడదు. మామూలు కుక్కకు గుటక వెయ్యడం మొదలైతే తీసేస్తాం. పగ్‌కు మాత్రం తల ఎత్తి చూస్తూ, గొట్టాన్ని తనే సహించలేకపోయేదాకా ఉంచాలి.

ఇంకో సంగతి చలి. బయట తిరుపతి ఎండ నలభై దాటినా థియేటర్లో ఏసీ ఉంటుంది. వెంట్రుకలు గీసి, స్పిరిట్ పూసి, పొట్ట తెరిచిన మూడు కిలోల కుక్కపిల్ల అరగంటలో వేడి కోల్పోతుంది. ఒంటి వేడి 36 డిగ్రీల కిందికి పోతే మత్తు దిగడం బాగా ఆలస్యమవుతుంది. వేడినీళ్ల సీసా నేరుగా ఆనిస్తే స్పృహలేని జంతువు పక్కకు జరగలేదు, చర్మం కాలుతుంది. ఆ పుండు కొన్ని రోజుల తర్వాత బయటపడుతుంది. గుడ్డ చుట్టాలి, పావుగంటకోసారి చేత్తో తాకి చూడాలి.

సెలైన్ సంగతిలో మాత్రం మిషను నిజంగా పెద్ద మేలు చేసింది. లెక్క చూడండి. పది కిలోల కుక్కకు రోజువారీ అవసరం కిలోకు 60 మి.లీ. చొప్పున 600 మి.లీ., అంటే గంటకు 25. మామూలు సెట్టుకు 20 చుక్కలైతే ఒక మి.లీ., కాబట్టి నిమిషానికి ఎనిమిది చుక్కలు. ఇంతవరకు చేత్తో సరిచెయ్యొచ్చు. పార్వో వైరస్ సోకిన రెండు కిలోల కుక్కపిల్లకు గంటకు ఐదు మి.లీ. కావాలంటే అదే సెట్టులో నిమిషానికి రెండు చుక్కలు కూడా ఉండవు. పిల్ల కాలు కదిపితే చాలు, ఆ లెక్క పోతుంది. సీసా మొత్తం ఎక్కిపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వాంతులతో, విరేచనాలతో ఎండిపోయిన పిల్లకు దీనికి పైన లోటు కూడా కలిపి లెక్కించి డాక్టరు రాస్తారు, కానీ ఎక్కే వేగం కచ్చితంగా ఉండాలంటే ఇన్ఫ్యూజన్ పంపే కావాలి. పంపు లేని చోట మి.లీ.కు 60 చుక్కలు పడే మైక్రో సెట్టో, బ్యూరెట్ సెట్టో వాడాలి. పంపు ఉన్నా 5 బదులు 50 నొక్కితే అది నమ్మకంగా 50 ఎక్కిస్తుంది. మొత్తం ఎంత ఎక్కాక ఆగాలో కూడా అందులో పెట్టడం, గంటకోసారి ఊపిరి లెక్కపెట్టి రాయడం, ఈ రెండూ నేర్పాలి.

పార్వో గదిని ఫినాయిల్‌తో కడిగి శుభ్రమైందనుకోవడం కూడా మానిపించాలి. ఆ వైరస్ దానికి చావదు. ఐదు శాతం బ్లీచ్ ఒక పాలుకు ముప్ఫై పాళ్ల నీళ్లు కలిపి, ముందు మురికి కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి.

ఎక్స్‌రే, స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పను. డిజిటల్ ఎక్స్‌రేలో బొమ్మ ఎప్పుడూ అందంగానే వస్తుంది, అదే దాని చిక్కు. వంకరగా పడుకోబెట్టి తీసినా స్క్రీను మీద చక్కగా కనపడుతుంది. పొట్ట ఉబ్బి, కడుపు మెలిపడిందని అనుమానం ఉన్న పెద్ద కుక్కను కుడి పక్కకు పడుకోబెట్టి తియ్యాలి. ఎడమకు తిప్పి తీస్తే ఆ మెలిక తేలిగ్గా తప్పిపోతుంది. ఛాతీ అయితే ఊపిరి నిండా పీల్చిన క్షణంలో నొక్కాలి, వదిలినప్పుడు తీస్తే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కూడా న్యుమోనియాలా తెల్లగా కనిపిస్తుంది. కంప్యూటరు ఎక్స్‌రే చదివి పెట్టే రోజులు వచ్చాయి, అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న డాక్టరుకు అది తోడే. కానీ దానికి ఇచ్చే బొమ్మ తప్పుగా తీస్తే అది చదివేదీ తప్పే. మిషన్లు తెలివి మీరుతున్నాయి, ఇక మనుషులకు అంత శిక్షణ ఎందుకు అనేవాళ్లకు నా జవాబు ఇదే. ఎక్స్‌రే మిషనుకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. లెడ్ ఏప్రన్ లేకుండా జంతువును చేత్తో పట్టుకుని నిలబడే అటెండరును ఎక్కడైనా చూస్తే, యజమానులే అడగాలని నా కోరిక. స్కానింగ్‌లో కడుపుతో ఉన్న కుక్కకు పిల్లల గుండె వేగం చూడటం ఒక్కటి చాలు ఆ మిషను విలువ తెలియడానికి. నిమిషానికి 200కు పైన కొట్టుకుంటుంటే వేచి చూడొచ్చు, 180 కిందికి జారుతుంటే బిడ్డ ఇబ్బందిలో ఉంది, 160 కిందికి వస్తే ఆపరేషన్‌కు సిద్ధం కావాలి.

ఖరీదు లేని పరికరాల దగ్గరే శిక్షణ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. శేషాచలం కొండల పాదాల్లో ఊరు పెరిగేకొద్దీ పాముకాటు కుక్కలు కూడా వస్తాయి. ముట్టె వాచి, కాటు చోట రక్తం కారుతూ ఉంటే రక్తపింజరా, చిన్నపింజరా అన్న అనుమానం. విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదా అని తేల్చడానికి కావాల్సింది ఒక గాజు ట్యూబు. అప్పుడే తీసిన రెండు మి.లీ. రక్తం అందులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. పారితే గడ్డకట్టలేదు. ట్యూబు ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగి మళ్లీ వాడింది అయినా మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని విరుగుడు ఎక్కిస్తాం. కదిపి కదిపి చూసినా ఫలితం చెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తం మరో ట్యూబులో పక్కనే పెడితే అనుమానం ఉండదు. మన దగ్గర దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసింది. దాన్ని ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో ముందే సిద్ధంగా ఉండాలి.

మే నెలలో వడదెబ్బ తగిలిన పగ్‌కు థర్మామీటరే ప్రాణం. కుళాయి నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి, ఐస్ గడ్డల్లో ముంచకూడదు. 103 ఫారెన్‌హీట్ దగ్గర చల్లబరచడం ఆపెయ్యాలి. ఆపకపోతే వేడి కిందికి జారుతూనే పోయి మరో ప్రమాదం తెస్తుంది. టీకాల ఫ్రిజ్‌కు కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే థర్మామీటరు పెట్టాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చాలామంది కరెంటు పోయి వేడెక్కడం గురించే భయపడతారు. ఫ్రీజర్ గోడకు ఆనించి గడ్డకట్టిన రేబిస్ టీకా కూడా పనికిరాదు, కరిగాక చూస్తే మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. తలుపు అరల్లో టీకాలు పెట్టడం, అదే ఫ్రిజ్‌లో మధ్యాహ్నం అన్నం డబ్బాలు పెట్టి పదేపదే తెరవడం మానిపించాలి.

మరి శిక్షణ అంటే ఏం చెయ్యాలి? రెండు రోజుల వర్క్‌షాపు, ఒక ఫోటో, ఒక సర్టిఫికెట్ వల్ల చెయ్యి తిరగదు. రోజూ ఓపీ మొదలయ్యే ముందు ఇరవై నిమిషాలు ఒకే పని. ఈ వారమంతా స్లైడు లాగడం, వచ్చే వారమంతా రబ్బరు గొట్టం మీద క్యాన్యులా, అంటే సెలైన్ కోసం నరంలో ఉంచే సన్నటి గొట్టం, వెయ్యడం. ఎవరు ఏ పని ఎన్నిసార్లు చేశారో ఒక పుస్తకంలో రాసి, సీనియరు సంతకం పెట్టాలి. బతికున్న జంతువు మీద మొదటి ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెలలోనే ముందస్తు రేబిస్ టీకాలు పడాలి, ఇది శిక్షణ కన్నా ముందు రావాల్సిన విషయం.

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ నెలకోసారి బొమ్మ మీద అందరూ చెయ్యాలి, ఊడ్చే ఆయమ్మతో సహా. పక్కకు పడుకోబెట్టి, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం వరకు లోపలికి పోయేలా, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. గొట్టం వేసి ఉంటే నిమిషానికి పది ఊపిరులు. రెండు నిమిషాలకు నొక్కే మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చెయ్యి తనకు తెలియకుండానే తక్కువ లోతుకు నొక్కుతుంది. పిల్లికి ఒక చేత్తోనే ఛాతీని రెండు వైపుల నుంచీ పట్టి నొక్కొచ్చు. ఈ పద్ధతులను పశువైద్యుల బృందాలు 2012లో ఒకచోట చేర్చి, 2024లో మళ్లీ సవరించాయి. బొమ్మ మీద చెయ్యని బృందం నిజం కేసులో మొదటి రెండు నిమిషాలు అడ్రినలిన్ ఏ డ్రాయరులో ఉందో వెతకడంలోనే పోగొట్టుకుంటుంది.

నేర్పితే మనిషి ఎక్కువ జీతానికి వేరే చోటికి పోతాడని ఆసుపత్రి నడిపేవాళ్లు అంటారు. పోతారు, నిజమే. కానీ మిషనుకు నెలనెలా వాయిదా కడుతున్నప్పుడు, దాన్ని నడిపే మనిషి జీతాన్ని అందులో భాగంగా ఎందుకు లెక్కెయ్యరు? చట్టం ప్రకారం జబ్బు తేల్చడం, ఆపరేషన్ చెయ్యడం రిజిస్టరైన పశువైద్యుల పనే, 1984 నాటి చట్టం ఆ గీత గీసింది. ఆ గీతకు ఇవతల, డాక్టరు పర్యవేక్షణలో చెయ్యగలిగిన పని చాలా ఉంది. ఆ పని బాగా చేసేవాళ్లకు పేరు, హోదా, పెరిగే జీతం ఇవ్వాలి. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఊళ్లోనే పెంపుడు జంతువుల నర్సింగ్‌కు ఒక గట్టి కోర్సు నిలబడాలి. అది రైతు ఆవుకు చేసే సేవకు పోటీ అని నేను అనుకోను. క్యాన్యులా నిలిపిన చెయ్యి దూడకు కూడా పనికొస్తుంది.

పెంచుకునేవాళ్లకు చివరగా ఒక మాట. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కో, పంటి క్లీనింగ్‌కో మీ కుక్కను అప్పగించే ముందు మిషన్ల పేర్లు అడగడం మానండి. "మత్తు దిగేదాకా మావోడి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు?" అని అడగండి. మంచి ఆసుపత్రిలో దానికి జవాబుగా ఒక మనిషిని చూపిస్తారు. ఆ మనిషి చేతిలో ఒక కాగితం అట్ట ఉంటుంది. అందులో టైము, ఒంటి వేడి, గుండె వేగం, ఊపిరి, చిగుళ్ల రంగు, వేలితో నొక్కి వదిలితే చిగురు మళ్లీ ఎర్రబడటానికి పట్టిన సెకన్లు, ఇవన్నీ గళ్లుగా గీసి ఉంటాయి. మత్తులో ఉన్నంతసేపూ ఐదు నిమిషాలకో వరుస, దిగుతున్నప్పుడు పది, పదిహేను నిమిషాలకో వరుస నిండి ఉంటుంది. నిన్నటి కేసు కాగితం చూపించమని అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. కుట్లు పడిన టైము తర్వాత ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి.